నెత్తురు తీసిన చేప

ఐలెర్ట్ నోరు మూయించాలంటే ఊపిరితిత్తిలో పైభాగం ఒక్కటి కోసి తీసేస్తే చాలదు. ఆపరేషనయిన మూడోనాడే, పక్కటెముకల మధ్య నుంచి వచ్చిన గొట్టం మంచం పక్కనున్న పెట్టెలో బుడబుడమంటూ ఉండగానే, ఫోను చెవికి ఆనించుకుని దీవిలో ఉన్న ఔడున్‌తో కబుర్లు మొదలుపెట్టాడు. ఔడున్‌కి అతని పడవలో సగం వాటా. కుర్రతనం నుంచీ ఇద్దరూ కలిసే వేటకి వెళ్తున్నారు.

"నెత్తురు అంతా ఇంతా పోలేదట్రా. ముందు చిన్న చిన్న కన్నాలు పెట్టి కానిచ్చేద్దామనుకున్నారు. లోపల నాళమేదో చిరిగి చిమ్మేసరికి పక్కంతా తెరవాల్సొచ్చింది. ఎవరెవరి నెత్తురో తెచ్చి నాలో పోశారు. ఏ బడాయి నాయాలిదో ఏంటో, పుట్టి బుద్ధెరిగి నల్ల కాఫీ తప్ప తాగనోణ్ని, పొద్దుట్నుంచీ నాకు కాఫీలో పాలు కావాలనిపిస్తోంది."

అవతల ఔడున్ ఏదో అన్నాడు. ఐలెర్ట్ నవ్వబోయి నొప్పికి ముఖం చిట్లించాడు. పక్కన కుర్చీలో ఉన్న అతని భార్య తూరిడ్ గబుక్కున లేచి దిండు అందుకుని కుట్లున్న వైపు అదిమిపట్టింది. దగ్గు వచ్చినా నవ్వు వచ్చినా అలా పట్టమని నర్సు నేర్పింది.

"అయ్యో పాపం అంటావేంట్రా, బుర్ర లేదా నీకు? మనం చేపకేం చేస్తాం? బతికుండగానే గొంతు కోసి నెత్తురంతా దించేస్తాం. దించితే కండ తెల్లగా ఉంటది, ఎన్నాళ్లున్నా చెడదు. దించకపోతే ఎర్రబడి కంపు కొడతది. నాకూ అదే చేశారు. చెడ్డదంతా నెత్తురుతో పాటే కొట్టుకుపోయింది. ఇక నేను దండెం మీద వేలాడదీసినా చెక్కు చెదరను."

తూరిడ్ కూడా నవ్వింది. కేన్సరన్న మాట విన్ననాటి నుంచి ఇంట్లో నవ్వన్నది లేదు. ఆపరేషన్‌కి ముందు వారాల్లో ఐలెర్ట్ కిటికీ దగ్గర కూర్చుని రేవు కేసి చూస్తూ ఉండిపోయేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ఇప్పుడు మళ్లీ పాత మనిషి, పాత నోరు. అది చాలుననిపించింది ఆమెకి.

నార్వేకి ఉత్తరపు కొసన ఉండే మా దీవుల్లో ఈ చేప మాట ఎవరన్నా నమ్ముతారు. ఫలానావాడు చేపకి నెత్తురు సరిగ్గా తియ్యడు అంటే మా వైపు అంతకు మించిన తిట్టు లేదు. చలికాలం చివర పెద్ద కాడ్ చేపలు గుంపులు కట్టి వస్తాయి. ఆ రద్దీలో చేతులు కొంకర్లు పోయి, చాలామంది చేప చచ్చాక ఎప్పుడో గొంతు కోస్తారు. ఐలెర్ట్ అలా ఎన్నడూ చెయ్యలేదు. అతని చేప ఎండి దండెం దిగేసరికి ఒక్క ఎర్ర చార ఉండేది కాదు. తూరిడ్ పెళ్లికి ముందు చేపల షెడ్డులో పని చేసేది. ముఖం చూడకముందే చేపని చూసి అతన్ని మెచ్చుకుంది.

సాయంత్రానికల్లా చేప కథ వార్డంతా పాకింది. బీపీ చూసే నర్సు ఇంకో నర్సుని వెంటబెట్టుకొచ్చి మళ్లీ చెప్పించుకుంది. పక్క మంచం మీది ముసలాయన తనకి నెత్తురు అసలేం పోలేదని దిగులు పడ్డాడు. ఐలెర్ట్ అతన్ని ఓదార్చాడు కూడా. అంతవరకూ బాగానే ఉంది. మర్నాడు పొద్దున్న నర్సు వచ్చి, కుట్లు మానాక కీమో మందు ఎక్కించే సంగతి ఎత్తేసరికి ఐలెర్ట్ చెయ్యి ఊపేశాడు.

"నాకెందుకమ్మా అది? నాకు నెత్తురు తీసేశారుగా. అవతల వేట జోరుమీదుంది. పడవలో ఔడున్ ఒక్కడే అవస్థ పడుతున్నాడు. నన్ను ఇంటికి పంపితే చాలు."

నర్సు తూరిడ్ వంక చూసింది. అతను వేళాకోళం ఆడటం లేదని తూరిడ్‌కి తెలిసిపోయింది.

ఆమె సునివాని వెతుక్కుంటూ వెళ్లింది. సునివా అంటే ఐలెర్ట్‌కి ఆపరేషన్ చేసిన డాక్టరు. తూరిడ్‌కి కూతురుంటే ఆ వయసుండేది. నడవా చివర కిటికీ దగ్గర నిలబడి గట్టి రొట్టె మీద గోధుమరంగు జున్ను పెట్టుకుని తింటోంది. తూరిడ్‌ని చూసి మిగిలిన ముక్క జేబురుమాల్లో చుట్టేసింది.

"తిను, తిను," అంది తూరిడ్. మా వైపు అందరినీ నువ్వనే అంటాం, రాజుగారిని తప్ప. "ఒక్క మాట అడిగిపోదామని వచ్చా. ఈయన చెప్పే చేప కథలో నిజమేమన్నా ఉందా?"

సునివా కిటికీ గట్టు మీద రాలిన పొడిని వేలితో ఒక పక్కకి తోసింది.

"లేదు," అంది. "అసలు సంగతి దానికి తలకిందులు. ఈ ఆపరేషన్లో ఎక్కువ నెత్తురు పోయినవాళ్లనీ తక్కువ పోయినవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కువ పోయినవాళ్లలోనే జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. వాళ్లే తొందరగా పోతున్నారు. ఎందుకన్నది తేలలేదు. నెత్తురు పోయి ఒళ్లు నీరసపడితే, లోపల మిగిలిన ఒకటీ అరా కణాలతో పోరాడలేదేమో. ఎక్కించిన నెత్తురు పాత్ర ఉందేమో. లేకపోతే గట్టిగా పాతుకుపోయిన చెడ్డ గడ్డలే తీసేటప్పుడు ఎక్కువ నెత్తురు తోడతాయేమో. అలాగైతే నెత్తురు ఉత్త గుర్తే, కారణం కాదు."

"అయితే మా ఆయనకి..."

"ఇది గుంపుకి సంబంధించిన మాట. ఒక్క మనిషికి జోస్యం కాదు. ఐలెర్ట్ పదేళ్లు బతకొచ్చు, ఇరవై కూడా. కానీ ఆయన విషయంలో కీమో వద్దనుకునే వెసులుబాటు నాకు కనిపించడం లేదు. గడ్డ పక్కనున్న లింఫు బిళ్లల్లోకి కూడా జబ్బు పాకింది. అలాంటి బిళ్లే ఒకటి నాళానికి అతుక్కుపోయి ఉంది. దాన్ని విడదీస్తుంటే చిరిగింది. నా చేతిలోనే చిరిగింది, తూరిడ్. ఇంకొకరి చేతిలోనైనా చిరిగేదేమో. నాకు తెలీదు."

ఈ చివరి మాట ఆమె తప్పించుకోవడానికి అనలేదు. అది తూరిడ్‌కి అర్థమైంది. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు.

"ఆయనకి చెప్పలేదా?"

"నెత్తురు పోయిందని చెప్పాను. మిగతాది చెప్పబోతుంటే చేప కథ ఎత్తుకున్నాడు. నాకు ఇంక నోరు పెగల్లేదు. రేపు కూర్చోబెట్టి చెబుతాను."

"చెప్పు, నీ పని నువ్వు చెయ్యి. కానీ తెల్లకోటు వేసుకున్నవాళ్లు ఏం చెప్పినా ఆయన తలూపుతాడు, తలుపు దాటగానే దులిపేసుకుంటాడు. నలభై ఏళ్లుగా చూస్తున్నా. ఒప్పించాల్సింది నేనే."

"మందుకి కూడా ఒక అదనుంటుంది. మరీ ఆలస్యం చేస్తే పని చెయ్యదు," అంది సునివా.

అనుకున్నట్టే అయింది. మర్నాడు సునివా కుర్చీ లాక్కుని కూర్చుని నోరు విప్పగానే ఐలెర్ట్ ఆమె రొట్టె గురించి, జున్ను గురించి, పట్నంవాళ్ల తిండి గురించి ఎత్తుకున్నాడు. సునివా రెండుసార్లు మాట తిప్పి దారికి తేబోయింది. "అలాగే అమ్మాయ్, అలాగే, ఆలోచించి చెబుతా," అన్నాడు. గొట్టం తీసేశారు. ఇంటికి పంపేశారు.

ఇంటికొచ్చిన రోజు ఔడున్ చేప, దాని కాలేయం, దాని గుడ్లు పట్టుకొచ్చాడు. తూరిడ్ మూడూ ఉడకబెట్టి బంగాళాదుంపలతో వడ్డించింది. రేవులో ఉన్న నలుగురూ వచ్చి బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చున్నారు. ఐలెర్ట్ కథ మళ్లీ మొదలైంది. ఈసారి నెత్తురు ఆపరేషన్ గది గడప దాటింది. ఔడున్ పొట్ట పట్టుకుని నవ్వాడు. తూరిడ్ వాళ్ల గిన్నెల్లో కాలేయం నూనె పోస్తూ, ఇప్పుడు చెబితే ఏమవుతుందని ఆలోచించింది. బల్లంతా ఒక్కసారి చల్లబడిపోతుంది. అంత పని ఆమె చెయ్యలేకపోయింది.

తర్వాతి రోజుల్లోనూ చెయ్యలేకపోయింది. ఐలెర్ట్ వంగలేడు. పొద్దున్నే అతని కాళ్ల దగ్గర చతికిలపడి మేజోళ్లు తొడగడం ఆమె పని. అప్పుడు చెప్పేద్దాం అనుకునేది. అతను పైనుంచి ఆమె పాపిట చూస్తూ, "ఏమే ముసల్దానా, పెళ్లిలో కూడా నా కాళ్ల దగ్గర ఇంతసేపు కూర్చోలేదు నువ్వు," అనేవాడు. ఆమె రెండో మేజోడు అందుకునేది. కుట్ల మీద కట్టు మార్చేటప్పుడు ఒకసారి ఎలాగో, "ఆ కీమో..." అనేసింది.

"చేపని రెండుసార్లు కొయ్యరే," అన్నాడు ఐలెర్ట్. ఆ సంభాషణ అక్కడితో సరి.

ఆమెకి తన మీద తనకే ఒళ్లు మండింది. ఇంట్లో నవ్వు వినపడుతోందని, ఆ నవ్వు కోసం మనిషిని పోగొట్టుకుంటుందా? వాయిదా వేసుకుంటూ పోతే మందుకి అదను దాటిపోతుంది. ఆ తర్వాత నిజం చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

ఒక పొద్దున్న రేవు నుంచి ఔడున్ కబురు పెట్టాడు. వల నిండా పడిందట, మళ్లీ వెళ్లాలట, కొన్ని చేపలు బతికుండగానే ఐలెర్ట్ షెడ్డులో తొట్టెలో పోసి వెళ్తున్నాడట. ఐలెర్ట్‌కి ప్రాణం లేచొచ్చింది. కోటు వేయమన్నాడు, బూట్లు తొడగమన్నాడు. కత్తి పట్టే సత్తువ ఇంకా లేదని అతనికీ తెలుసు. చూస్తానన్నాడు. ఇద్దరూ మెల్లగా దిగి వెళ్లారు.

షెడ్డులో అతన్ని బోర్లించిన పీపా మీద కూర్చోబెట్టి, తూరిడ్ రబ్బరు చొక్కా తగిలించుకుంది. తొట్టెలో కాడ్‌లు ఒకదాని మీద ఒకటి మెదులుతున్నాయి. పక్కన ఇంకో తొట్టెని సముద్రపు నీళ్లతో నింపింది. ఒక చేపని మొప్పల్లో వేళ్లు దూర్చి ఎత్తి, బల్ల అంచుకి ఆనించి, గొంతు దగ్గర ఒక్క కోత పెట్టి నీళ్లలోకి జారవిడిచింది. చెయ్యి మరచిపోలేదు.

"కొంచెం పైకి కొయ్యి," అన్నాడు ఐలెర్ట్. ఊరుకుంటే ఐలెర్ట్ ఎలా అవుతాడు.

రెండోది కొంచెం పైకి కోసింది. చేప తోక రెండుసార్లు కొట్టుకుంది. ఎరుపు మబ్బులా పరుచుకుని నీళ్లలో కలిసిపోయింది. చేప మెల్లగా పక్కకి ఒరిగింది. తూరిడ్ తొట్టె అంచు మీద చేతులు పెట్టి దాన్నే చూస్తూ నిలబడింది.

"బాగా తీశానా?"

"బాగా తీశావు. నాకంటే బాగానే."

"ఇక ఇది చెడదుగా?"

"ఎందుకు చెడుద్ది? నిక్షేపంలా ఉంటది."

"బతికుందా?"

ఐలెర్ట్ పక్కకి ఒరిగిన చేప కేసి చూశాడు.

"చెడిపోకుండా ఉండేది చచ్చిన చేప, ఐలెర్ట్," అంది తూరిడ్. "నాకు నువ్వు చెడకుండా అక్కర్లేదు. బతికుండి కావాలి."

ఆ మీదట ఆపలేదు. సునివా నడవాలో చెప్పిందంతా, ఆమె చెప్పిన వరసలోనే చెప్పేసింది. ఎక్కువ నెత్తురు పోయినవాళ్ల సంగతి, ఎందుకో తేలకపోవడం, బిళ్లలు, మందుకి ఉన్న అదను. చెబుతున్నంతసేపూ అతని ముఖం చూడలేదు, కత్తి మొనతో బల్ల మీది పొలుసులు గీకుతూ చెప్పింది. అయిపోయాక తలెత్తింది. అతను ఆశ్చర్యపోతాడనుకుంది, కనీసం కోప్పడతాడనుకుంది.

"తెలుసు," అన్నాడు ఐలెర్ట్.

"ఏం తెలుసు?"

"లెక్కలు తెలీవు. నెత్తురు పోతే మంచిది కాదని తెలుసు. ఇన్నేళ్లు గొంతులు కోసినవాడికి ఆ మాట డాక్టరు చెప్పాలా?"

"మరి ఆ కథంతా ఏంటి?"

ఐలెర్ట్ కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. గట్టిపడిన కాయలు ఆసుపత్రిలో మెత్తబడి పొరలు లేస్తున్నాయి.

"ఆపరేషనయిన మర్నాడు నువ్వు కాఫీకి వెళ్లినప్పుడు ఆ డాక్టరమ్మాయి వచ్చింది. నిలబడి నాలుగు ముక్కలు చెప్పి పోతారు కదా వాళ్లు, ఈమె మంచం మీద కూర్చుంది. ఇలా అయింది ఐలెర్ట్, నా చేతిలోనే చిరిగింది, అని చెప్పింది. చెప్పకపోతే నాకెలా తెలుస్తది? చెప్పక్కర్లేదు, అయినా చెప్పింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవి వణుకుతున్నాయే. రేపో ఎల్లుండో ఇంకొకడి రొమ్ములో పెట్టాల్సిన చేతులు. అవి వణికితే వాడి గతేంటి? నాకేం తోచలేదు. నోటికొచ్చింది అనేశా. మంచి పనే చేశావమ్మాయ్, మేం చేపకి చేసేదీ అదే, అని. ఆ పిల్ల నవ్వింది. చేతులు ఆగాయి."

తూరిడ్ కత్తిని బల్ల మీద పడేసింది. కోపం ఇప్పుడొచ్చింది, నడవాలో రానిదంతా కలిపి.

"ఆవిడ చేతులు ఆగాయి, బావుంది. మరి నేను? ఇన్నాళ్లూ నీ మేజోళ్లు తొడుగుతూ, ఎలా చెప్పాలిరా భగవంతుడా అని నేను లోపల్లోపల చస్తుంటే? ఒక పరాయి పిల్ల చేతులు వణక్కూడదని నువ్వు చచ్చిపోతావా?"

"ఆ పిల్లకి చెప్పింది ఒక్కసారే," అన్నాడు ఐలెర్ట్ నెమ్మదిగా. "తర్వాత ఔడున్‌కి చెప్పినప్పుడు నువ్వు నవ్వావు. ఎన్నాళ్లయింది నువ్వు నవ్వి? అందుకని మళ్లీ చెప్పా. చెప్పగా చెప్పగా నాకే నిజమేననిపించడం మొదలెట్టింది. పొద్దున లేవగానే, శుభ్రంగా ఉన్నాను, ఏమీ లేదు లోపల, అనుకుంటే ఎంత హాయిగా ఉంటదో నీకు తెలీదు. మందుకి సరేనంటే, ఇంకా ఉందని ఒప్పుకున్నట్టే కదే."

తూరిడ్‌కి ఏడుపొచ్చింది. చేతులు చేప నెత్తురుతో ఉన్నాయి కాబట్టి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. ఈ మనిషిని కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. తొట్టెలో చేపలు ఇంకా మెదులుతున్నాయి. వాటిని అలా వదిలెయ్యడం ఇద్దరికీ చేతకాదు. ఆమె మళ్లీ కత్తి తీసుకుంది. ఐలెర్ట్ పీపా మీద నుంచి లేచి, నొప్పి లేని చేత్తో ఒక్కొక్క చేపనీ మొప్పలు పట్టి బల్ల మీదికి లాగి పెట్టాడు. వద్దనలేదు ఆమె. ఆఖరిది అయ్యేదాకా ఇద్దరూ అలాగే పని చేశారు.

చేతులు కడుక్కున్నాక ఐలెర్ట్ ఫోనడిగాడు. సునివా ఎత్తేసరికి చాలాసేపు పట్టింది.

"అమ్మాయ్, నేను ఐలెర్ట్‌ని. ఎవరినన్నా కోస్తూ ఉన్నావా?"

"ఇప్పుడే బయటికొచ్చాను. ఏమైంది? కుట్లేమైనా ఊడాయా?"

"కుట్లు బావున్నాయి. నెత్తురెంత పోయింది ఇవాళ?"

"ఏమంత పోలేదు," అంది సునివా. "చాలా తక్కువ."

"అదీ మాట. చేతులు నిలకడగా ఉన్నాయి కదా?"

"ఉన్నాయి, ఐలెర్ట్."

"అయితే విను. ఆ చేప కథ ఉత్తదే. నువ్వప్పుడు చెప్పబోయి ఆగిపోయావే, అది మొత్తం ఇప్పుడు చెప్పు. నేను అడ్డం రాను. తూరిడ్ కూడా వింటది." ఫోనుని బల్ల మీద పెట్టి, ఇద్దరికీ వినపడేలా మీట నొక్కాడు.

సునివా చెప్పింది. తియ్యగా చుట్టలేదు, భయపెట్టనూ లేదు. నడవాలో చెప్పినవే, కానీ ఈసారి నిదానంగా, ప్రతి మాటకీ ఆగి, అర్థమైందా అని అడుగుతూ. కీమోతో ఏం రావచ్చో చెప్పింది, వాంతులు, జుట్టు రాలడం, వేళ్లలో తిమ్మిరి. దానితో కూడా జబ్బు తిరిగి రావచ్చని చెప్పింది. అది లేకపోతే వచ్చే అవకాశం ఇంకా ఎక్కువని చెప్పింది. ఐలెర్ట్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, మధ్యలో ఒక్క వేళాకోళమూ ఆడకుండా, బడిలో పిల్లాడిలా విన్నాడు. అతన్ని అంతసేపు నోరు మూసుకుని ఉండగా తూరిడ్ ఎప్పుడూ చూడలేదు.

"వస్తాను," అన్నాడు అంతా అయ్యాక. "ఎప్పుడు రమ్మంటే అప్పుడు."

"వచ్చే సోమవారం పడవకి బయల్దేరండి. ఇద్దరూ రండి." సునివా కాస్త ఆగింది. "భయంగా ఉందా, ఐలెర్ట్?"

ఐలెర్ట్ బల్ల మీది ఫోను కేసి చూశాడు, తర్వాత తూరిడ్ కేసి. తుపానులో పడవ ఇంజను ఆగిపోయి తిరిగొచ్చిన రోజున కూడా ఇదే మాట తూరిడ్ అడిగితే, భయమా, ఆకలేసింది అన్నాడు.

"ఉంది," అన్నాడు.

తూరిడ్ ఇంకో పీపా దొర్లించుకొచ్చి అతని పక్కన వేసుకుని కూర్చుంది. తడి ఆరని చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

"నాకూ," అంది, అవతల ఉన్న అమ్మాయికి కూడా వినపడేలా.